శనివారం తీసిన సరుకు

మొన్న జవాబు పత్రాలు దిద్దుతుంటే ఒక పిల్ల నన్ను పట్టేసింది. రెండు మార్కుల ప్రశ్న అది. సైక్లోపెంటాడైయీన్‌ను వాడే రోజునే ఎందుకు తయారు చేసుకోవాలి, అని. ప్రశ్న ఇచ్చింది నేనే. ఏటా ఇస్తాను, ఏటా గైడులోంచి దింపిన అదే జవాబు వస్తుంది. ఈ పిల్ల మాత్రం గైడు మొహం చూసినట్టు లేదు. "దాన్ని ఊరికే ఉంచితే అది ఊరుకోదు. పక్కన వేరే ఏమీ లేకపోతే తనలాంటి దానితోనే కలిసిపోయి గట్టిపడుతుంది. మళ్లీ విడదీయాలంటే బాగా వేడి చెయ్యాలి" అని రాసింది. రెండుకు రెండు వేశాను. వేసి, ఎర్ర పెన్నుకు మూత పెట్టి, లేచి వరండాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. పక్క బల్ల దగ్గర కూర్చున్న లెక్చరరమ్మ "ఏమ్మా, బీపీ మాత్ర వేసుకోలేదా?" అంది. వేసుకున్నాను. మాత్రకు లొంగే గాభరా కాదది.

కెమిస్ట్రీ చదవనివాళ్లు భయపడకండి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కొన్ని అణువుల్లో జంట బంధాలు ఒకటి విడిచి ఒకటి వరసగా ఉంటాయి. వాటిని సంయుగ్మ ద్విబంధాలు అంటాం. మా కాలనీలో ఒక ఇంట్లో జరిగింది చివరి ఇంటిదాకా తెలిసిపోయినట్టు, ఆ వరసలో ఈ చివర కదిలిస్తే ఆ చివర కదులుతుంది. అలా పొడుగ్గా సాగిన వరస వల్లే క్యారెట్‌కు ఆ రంగు, టమాటాకు ఆ ఎరుపు. ఈ సంగతి మా అమ్మకు చెబితే, "రంగు సంగతి సరేనే, ముందు ఆ క్యారెట్లు తరుగు" అంది. సైక్లోపెంటాడైయీన్ ఆ జాతిలో చిన్నది, బొత్తిగా నిలకడ లేనిది. బజార్లో అది దొరకదు. రెండేసి అణువులు కలిసి ముడిపడిపోయిన సరుకు డ్రమ్ముల్లో వస్తుంది. దాన్ని నూట డెబ్భై డిగ్రీల దాకా కాస్తే ముడి విడిపోయి, అసలు సరుకు ఆవిరై, చల్లబడి, నీళ్లలా రిసీవర్ అనే తొట్టిలోకి దిగుతుంది. దిగిన క్షణం నుంచీ మళ్లీ ముడిపడటానికి చూస్తూనే ఉంటుంది. పైగా ముడిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి ఇంకా తొందరగా ముడిపడుతుంది. ఇంతే కథ. మిగతాదంతా మనుషుల కథ.

తొంభైల చివర్లో నేను మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఒక చిన్న కంపెనీలో కెమిస్టుగా చేరాను. అప్పటికి మా నాన్నగారు ఉద్యోగరీత్యా గుంటూరు వైపు నుంచి వచ్చి, సూరారం దాటాక కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకుని రెండేళ్లయింది. మాది రేపటి పని ఇవాళే చేసే ఇల్లు. సోమవారం ఇడ్లీకి శనివారమే పిండి రుబ్బేవాళ్లం. రైలు పదింటికైతే ఎనిమిదింటికి ప్లాట్‌ఫారం మీద ఉండేవాళ్లం. మా నాన్నగారు పరీక్షకు వెళ్లే పిల్లల్లా ఆఫీసు చొక్కా ముందురోజే తలగడ పక్కన పెట్టుకునేవారు. ముందే చేసి పెట్టుకోకపోతే మాకు అన్నం సహించదు. ఈ గుణం నాకు బాగా అబ్బింది, దాన్ని తెలివి అనుకునేదాన్ని కూడా.

ఆ కంపెనీ పని నాకొక వాసన అంటించింది. కర్పూరంలో వెల్లుల్లి దంచి కలిపితే ఎలా ఉంటుందో అలాంటిది. సుచిత్ర చౌరస్తాలో బస్సు మారేటప్పుడు ఎంత రద్దీలోనైనా నా పక్క సీటు ఖాళీగా ఉండేది. మొదట్లో సిగ్గుపడ్డాను, తర్వాత సంచీ పెట్టుకోవడానికి బాగుందనుకున్నాను. మా అమ్మ నా బట్టలు విడిగా నానబెడుతూ, "సున్నిపిండి పెట్టి రుద్దినా పోదేమిటే ఈ పాడు కంపు! గోల్డ్ మెడల్ కొట్టింది ఇందుకా?" అని రోజూ ఒక విడత తిట్టేది.

అక్కడే నాకు పటేల్ పరిచయం. పేరు అది కాదు, కాని అందరూ అలాగే పిలిచేవారు. చుట్టుపక్కల భూములున్న ఇంటివాడు. కంపెనీ కట్టిన ఎకరాలు ఆయనవే. అమ్మేటప్పుడు ఒక షరతు పెట్టాడు: తనకు అందులో ఉద్యోగం ఇవ్వాలి, బతికున్నన్నాళ్లు తియ్యకూడదు. ఎవరైనా కొడుక్కి అడుగుతారు. ఈయన తనకే అడిగాడు. ఎందుకని ఒకసారి అడిగితే, "భూమి అమ్మిన గని, దాని మీద నడిసే అలవాటు అమ్మలే గద మేడం" అన్నాడు. నన్ను మేడం అని పిలుస్తూ నువ్వు అనేవాడు. మొదటి వారం నాకు చిర్రెత్తేది. అక్కడ అదే మర్యాదని తెలిశాక, మీరు అంటే కోపమొచ్చిందేమో అనుకునే స్థితికి వచ్చాను. ఆయనకు ఒకచోట కుదురు లేదు. కుర్చీ వేస్తే కూర్చోడు. ఒక బావి ఉండిన చోట ఇప్పుడు బాయిలరు ఉంది, జొన్నచేను ఉండిన చోట డ్రమ్ములు పేర్చారు, వాటి మధ్య రోజంతా తిరిగేవాడు. అన్నీ ఆఖరి నిమిషంలో చేసేవాడు, అయినా ఏదీ చెడేది కాదు. మా ఇంట్లో పుట్టినదానికి ఇది కడుపుమంట కాక మరేమిటి?

ఆ ఏడు మే నెలలో ఒక పెద్ద కొనుగోలుదారు సోమవారం వచ్చి మా సరుకు తయారీ కళ్లారా చూస్తామన్నాడు. నచ్చితే ఏడాది పొడుగునా కొంటాడు. నాది ఇంకా ప్రొబేషను. "బ్యాచి బాగా వస్తే నిన్ను పర్మనెంటు చేస్తాను, పోతే నీ ల్యాబు మూసేస్తాను" అన్నారు ఎండీ గారు, కోపంతో కాదు, మామూలుగానే. ఇక నాకు నిద్రెక్కడిది? సోమవారం పొద్దున కాచి తీస్తూ కూర్చుంటే అతిథులు వచ్చేసరికి ఏదో ఒకటి మొరాయిస్తుంది. శనివారమే తీసి చల్లగా పెట్టుకుంటే సోమవారం నేరుగా రెండో రసాయనంలో కలపడమే. తీసిన రోజునే వాడాలని కంపెనీ నియమం. రాసి గోడకు అంటించారు కూడా. కాని పుస్తకం ప్రకారం సున్నాకు దిగువన ఉంచితే రెండు రోజులు నిలుస్తుంది. లెక్క వేసి చూసుకున్నాను, తప్పేమీ లేదు.

పటేల్‌కు మాత్రం నచ్చలేదు. శనివారం పొద్దున నా వెనకే తిరిగాడు. "గిది నిలువ ఉంచే సరుకు గాదు మేడం. దీనికి కుదురుండది. తీసిన పూటనే వాడాలె."

"చల్లగా ఉంచితే ఏమీ కాదు పటేల్ గారూ, పుస్తకంలో ఉంది" అన్నాను.

"పుస్తకం రాసినాయిన ఈడికొచ్చి శనారం పొద్దుమీకి మిషిన్లు బంద్ జేస్తడా ఏంది? జేసేది మనోళ్లు గద!" అని నవ్వి, మధ్యాహ్నం నుంచి సెలవు చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు అలియాబాద్‌లో వాళ్ల అన్న బిడ్డ పెళ్లి.

నేను ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుని సాయంత్రానికల్లా రెండు వందల లీటర్లు తీసి రిసీవరులో పోయించాను. చుట్టూ చల్లటి ఉప్పునీరు తిరిగే తొట్టి అది. "సోమవారం దాకా చిల్లింగ్ మిషను ఆపవద్దు" అని చీటీ రాసి, సంతకం పెట్టి, రిసీవరు మెడకు దారంతో కట్టాను. నోటితో ఎవరికీ చెప్పలేదు. చెబితే నియమం సంగతి ఎండీ గారి దాకా పోతుందని భయం. రిజిస్టరులో కూడా ఆ రోజు గడి ఖాళీగా వదిలేశాను, సోమవారం తీసినట్టు సోమవారమే రాయవచ్చని. దొంగపని కూడా ఎంత ముందుచూపుతో చేశానో చూడండి.

ఆదివారం పొద్దున మా కాలనీలో కరెంటు పోయింది. పదకొండింటికి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు తీస్తే, సోమవారానికని రుబ్బిన ఇడ్లీ పిండి గిన్నె మూత తోసుకుని పొంగి, కింది అరలో కూరగాయల మీదికి కారుతోంది. మా అమ్మ "అయ్యో నా పిండి!" అంది. ఇక్కడ పోయిన కరెంటు అక్కడ మాత్రం ఉంటుందని ఏమిటి? చెప్పులు వేసుకుని బయటపడ్డాను. అమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది. సుచిత్ర దగ్గర మేడ్చల్ బస్సు కోసం నిలబడ్డ ఆ పావుగంట నేను కాలు ఒకచోట నిలపలేదంటే నమ్మండి. బస్సెక్కాక డ్రైవరు ప్రతి స్టాపులోనూ ఆపుతుంటే నోరారా తిట్టుకున్నాను.

కంపెనీలో కరెంటు ఉంది. చిల్లింగ్ మిషను మాత్రం ఆగి ఉంది. ఎవరో మెయిన్ స్విచ్ ఆపేశారు. శనివారం సాయంత్రం అన్నీ ఆపడం మా దగ్గర రివాజు, ఆదివారం పని ఉండదు కనుక. రిసీవరు మీద చెయ్యి వేస్తే జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా ఉంది. థర్మామీటరు ముప్ఫై తొమ్మిది. ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరిగితే అది మరగడం మొదలుపెడుతుంది. అది ఆవిరై బయటికొచ్చి ఎక్కడైనా నిప్పు తగిలితే చెప్పడానికి ఎవరూ మిగలరు. గోడ అవతలే వాచ్‌మన్ గది. అతని భార్య, ఇద్దరు పిల్లలు, మండుతున్న పొయ్యి. ముందు ఆ పొయ్యి ఆర్పించాను. పిల్లల్ని తీసుకుని రోడ్డు దాకా పొమ్మన్నాను. "ఏమైందమ్మా?" అని ఆమె అడుగుతుండగానే మిషను దగ్గరికి పరిగెత్తాను.

మిషను వేశాను, కాని అది చల్లబడేసరికి రెండు గంటలు పడుతుంది. వాచ్‌మన్ను లూనా మీద అలియాబాద్ తోలాను, పటేల్‌ను పిలుచుకురమ్మని, ఐసు ఎక్కడ దొరికినా తెమ్మని. పైపుతో రిసీవరు మీద నీళ్లు కొడుతూ ఒక్కదాన్నే నిలబడ్డాను. మే నెల ట్యాంకు నీళ్లు కాఫీకి పనికొచ్చేలా ఉన్నాయి. థర్మామీటరు కదలకుండా ఉంటే దేవుడికి దణ్ణం పెట్టుకోవడం, కొంచెం కదిలితే ఏడవడం. అంతలో చీటీ మీద నా సంతకం కళ్లబడింది. ఎండీ గారు చూస్తే? ఆ గండంలో, ప్రాణాల మీదికి వచ్చిన ఆ సమయంలో, నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. దారం తెంపి, చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటుండగా ట్రాక్టరు గేట్లోకి వచ్చింది.

పటేల్ పట్టుపంచె మీద ఉన్నాడు, నుదుట కుంకుమ, జేబులో అక్షింతలు. ట్రాలీ నిండా ఊకలో కప్పిన ఐసు గడ్డలు. పెళ్లివారికి కూల్‌డ్రింకులు చల్లబరచడానికి తెప్పించినవి. ఆయన నా చేతి వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. పంచె ఎగ్గట్టి, "జల్దీ గోనె సంచులు తేరా" అని వాచ్‌మన్ను కేకేశాడు. ముగ్గురం కలిసి రిసీవరు చుట్టూ గోనెలు చుట్టి, ఐసు పేర్చి, మీద నీళ్లు పోస్తూ నాలుగింటి దాకా పనిచేశాం. ముప్ఫై తొమ్మిది ముప్ఫై అయింది, పద్దెనిమిది అయింది. సగానికి పైగా సరుకు మళ్లీ ముడిపడిపోయింది, అది వేరే సంగతి. అలియాబాద్‌లో మగపెళ్లివారు ఆ ఎండలో వేడి కూల్‌డ్రింకులు తాగి మండిపడ్డారని తర్వాత తెలిసింది. "తాగనియ్ మేడం, సచ్చిపోరు" అన్నాడు పటేల్.

సోమవారం పొద్దున ఐసు నీళ్లు, ఊక, గోనెలు చూసి ఎండీ గారు నిప్పులు చెరిగారు. "శనివారం తీసింది ఎవరు? మిషను ఆపింది ఎవరు?" అని అందరినీ వరసలో నిలబెట్టారు. పటేల్ ఒక అడుగు ముందుకేశాడు.

"నేనే సార్. తీపిచ్చింది నేనే, బంద్ జేసింది నేనే. మేడంకు ఎర్కలేదు."

శనివారం నాతో సరుకు తీసిన ఇద్దరు కుర్రాళ్లు నేల చూపులు చూశారు. ఎండీ గారు ఆయన్ని పది నిమిషాలు అందరి ముందూ కడిగేశారు. "ఉద్యోగం తియ్యలేనని ధీమా కదా నీకు!" అన్నారు. ఆయన చేతులు వెనక కట్టుకుని విన్నాడు. నేను నోరు విప్పలేదు. విప్పుదామనుకున్నాను, ఒకటి రెండుసార్లు ఊపిరి కూడా పీల్చుకున్నాను, అంతే. ఆ తర్వాత పటేలే డ్రమ్ముల్లోని సరుకు కాయించి, అతిథులు చూస్తుండగా అప్పటికప్పుడు కొత్త సరుకు తీయించాడు. దాన్ని కలిపితే తెల్లటి స్ఫటికాలు ఉప్పు రాశిలా పడ్డాయి. ఆర్డరు వచ్చింది. నేను పర్మనెంటయ్యాను. ఆయన్ని మూడు నెలలు గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆయన భూమికి ఆయన్నే కాపలా పెట్టారన్నమాట. పొద్దున్నే నేను గేట్లోకి వస్తుంటే లేచి నిలబడి "నమస్తే మేడం" అనేవాడు. నేను వాచీ చూసుకుంటూ లోపలికి నడిచేదాన్ని.

ఏడాది తిరక్కుండా ఆ ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరాను. వాసన రెండు నెలల్లో పోయింది. ఆయన నా తప్పును తన నెత్తిన వేసుకున్నాడనే సంగతి మాత్రం పోలేదు. పెళ్లయింది, పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడ ఉన్నా ఏదో స్టవ్వు ఆర్పకుండా వచ్చినట్టు ఉండేది. ఏడెనిమిదేళ్లు మోసి, రెండు వేల ఆరో ఏడో, శామీర్‌పేట చుట్టూ ప్లాట్ల గిరాకీ పిచ్చిగా ఉన్నప్పుడు, దేవరయాంజాల్ వైపు స్థలం చూసొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాను. స్థలం ఎవరికి కావాలి? బస్సులో మాటలు కూర్చుకున్నాను. "పటేల్ గారూ, ఆ రోజు తప్పు నాది. మీరు తిట్లు తింటుంటే నేను దొంగలా నిలబడ్డాను. క్షమించండి." ఇంతే. నాలుగైదుసార్లు చెప్పుకుంటే తడబడకుండా వచ్చింది.

ఆయన ఇంటి ముందు కుర్చీల్లో ప్లాట్ల మనుషులు ఉన్నారు. నన్ను చూడగానే వాళ్లందర్నీ పంపేశాడు. జుట్టు నెరిసింది, ఇప్పుడు కుర్చీలో కూర్చుంటున్నాడు. చాయ్ వచ్చింది. నేను గొంతు సవరించుకునే లోపే ఆయన మొదలుపెట్టాడు.

"మేడం, నిన్ను ఒక్క మాట అడగాల్నని శానా ఏండ్ల సంది ఉన్న. నువ్వు కట్టిన చీటీ నేను సదివిన. ఆ శనారం పొద్దుమీకి మల్ల వచ్చిన, పోరగాండ్లు సక్కగ బంద్ జెయ్యరని. చీటీ సదివిన, మిషిన్ నడవాలని ఉన్నది. అంతల్నే లగ్గమింటి నుంచి మనిషొచ్చిండు, జల్దీ రమ్మని. పరేషాన్ల రోజు జేసినట్టే మెయిన్ బంద్ జేసి పోయిన. నీ సావు నా సేతుల ఉండె ఆ దినం."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"నేనొచ్చేసరికి నువ్వు చీటీ తెంపి సంచీల పెట్టుకుంటున్నవ్. చీటీ ఉంటే, చీటీ జూసి గూడ బంద్ జేసిండని నా మీద కేసయితుండె. నన్ను బతికియ్యనీకె తెంపినవని నాకప్పుడే సమజయింది. గందుకే సోమారం అంతా నా మీదేసుకున్న. గాయిన తిట్టిన తిట్లు నాకు ఒంటికి తాకలే. నా కోసం ఒక ఆడివిల్ల గంత జేసినాక, తిట్లెంత?"

లోపలికి తిరిగి కేకేశాడు. ఎనిమిదేళ్ల మనవరాలు పరికిణీ ఎత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మీ తాత ఇజ్జత్ కాపాడిన మేడం అంటే గీమెనే. కాళ్లు మొక్కు బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల వంగి నా పాదాలు ముట్టుకుంది. చల్లటి చిన్న చేతులు. వద్దమ్మా అని లేపవలసిన దాన్ని, లేపలేదు. ఆ చీటీ నా కోసం తెంపుకున్నాను, పటేల్ గారూ, మీ కోసం కాదు. ఈ మాట నోటిదాకా వచ్చింది. పిల్ల తలెత్తి నా వైపు చూస్తోంది, ఆయన తృప్తిగా చాయ్ తాగుతున్నాడు. మరోసారి వచ్చినప్పుడు, పిల్ల లేనప్పుడు చెబుదామనుకున్నాను. చదువుకో తల్లీ అని తల నిమిరి, ఐదు గంటల బస్సుకు వచ్చేశాను.

ఆ మరోసారి ఇంకా రాలేదు. ఆయన ఉన్నాడని, కళ్లు సరిగా కనబడటం లేదని ఆ మధ్య ఎవరో చెప్పారు. కొత్త సెమిస్టరులో సంయుగ్మ ద్విబంధాల పాఠం రాగానే నా గొంతు వేగం పెరుగుతుందని పిల్లలు చాటుగా అనుకుంటారట. వరండాలో తిరిగి తిరిగి వచ్చి ఆ జవాబు పత్రం మళ్లీ చదివాను. విడదీయాలంటే బాగా వేడి చెయ్యాలి. నిజమే, తల్లీ. నీకు రెండు మార్కులు వేశాను, నాకెన్ని వెయ్యాలో తెలియడం లేదు. రేపటి పని ఇవాళే చేసే ఇంట్లో పుట్టినదాన్ని, ఈ ఒక్క పనినీ ఇన్నేళ్లుగా రేపటికే పెట్టుకుంటూ వచ్చాను.